గోడ మీద ముఖం, రాతి మీద పేరు

(తాడేపల్లిగూడెంలో గ్రంథాలయ సభలో చేసిన ప్రసంగానికి అక్షర రూపం)

సభకు నమస్కారం. ముందు వరసలో కూర్చున్న మాజీ సైనికులకు, మాధవరం నుంచీ చుట్టుపక్కల ఊళ్ళ నుంచీ అటకలు దించి, పెట్టెలు తెరిచి, ఇంత భద్రంగా వస్తువులు పట్టుకొచ్చిన తల్లులకు, అన్నదమ్ములకు పేరుపేరునా నమస్కారం.

నా చేతిలో ఉన్న ఈ పతకం చూడండి. వెనక కూర్చున్నవాళ్ళకు కనబడదు కాబట్టి చెబుతాను. పాత వెండి రూపాయి కంటే కాస్త పెద్దది. ఒక పక్క ఆరో జార్జి రాజు తల. రెండో పక్క దేశపటం. పటానికి పైన ఇండియా అని, కింద 1939-45 అని ఇంగ్లీషు అక్షరాలు. దీన్ని ఇండియా సర్వీస్ మెడల్ అంటారు. రెండో ప్రపంచ యుద్ధంలో మన సైన్యంలో మూడేళ్ళకు తగ్గకుండా పనిచేసినవాళ్ళకి ఇచ్చారు. ఈ పటంలో ఎక్కడా సరిహద్దు గీత లేదు. ఇప్పటి పాకిస్తాన్, ఇప్పటి బంగ్లాదేశ్, మనం, అంతా కలిసి ఉన్న దేశం అది.

దీన్ని తెచ్చిన అమ్మాయి ముత్తాతగారి బిళ్ళ అని తెచ్చింది. ఆయన ఏ దళంలో చేశారమ్మా అంటే, "మిలిట్రీలో చేశారంటండీ" అంది. అంతవరకే ఇంట్లో మిగిలింది. పతకాన్ని దేవుడి గూట్లో పెట్టి ప్రతి శుక్రవారం పసుపు రాసి కుంకుమ పెట్టేవారట. భూతద్దం పెట్టి అంచు చూశాను. చుట్టూతా చిన్న చిన్న అక్షరాలు లోతుగా కొట్టి ఉన్నాయి. ఆ గాడుల్లో ఇన్నేళ్ళ కుంకుమ దిగి గట్టిపడింది. లోహం మీద లోహం అక్షరాలు మామూలుగా కంటికి ఆనవు. కుంకుమ నిండినవి మాత్రం ఎర్రగా, స్పష్టంగా చదువుకోవచ్చు. ముందు సైనికుడి నంబరు, తర్వాత హోదా, తర్వాత పేరు, చివర దళం పేరు పొట్టి అక్షరాల్లో. ఆ యుద్ధంలో బ్రిటిష్ సైనికులకు ఇచ్చిన పతకాల మీద పేర్లు వెయ్యలేదు. ఇండియన్ సైన్యానికి ఇచ్చినవాటి మీద వేశారు. అంచు తిప్పుతూ ఆ అమ్మాయి తన ముత్తాత పేరు తనే అక్షరం అక్షరం కూడబలుక్కుని చదివింది. ఆయన మోటారు రవాణా, సరుకుల సరఫరా చూసే దళంలో, అంటే రాయల్ ఇండియన్ ఆర్మీ సర్వీస్ కోర్‌లో పనిచేశారని అప్పుడు తెలిసింది.

ఇవాళ నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. మన ఊళ్ళ నుంచి ఆ యుద్ధాలకు వెళ్ళి తిరిగిరాని వాళ్ళ పేర్లు పరాయి దేశాల్లో రాళ్ళ మీద ఉన్నాయి. వాళ్ళ ముఖాలు మన ఇళ్ళ గోడల మీద ఉన్నాయి. అక్కడ పేరుకు ముఖం లేదు. ఇక్కడ ముఖానికి పేరు చెప్పే పెద్దవాళ్ళు ఒక్కొక్కరే వెళ్ళిపోతున్నారు. ఈ రెండింటినీ కలిపే పని ఏ ప్రభుత్వ శాఖా చెయ్యలేదు. ఎందుకంటే గోడలు మనవి.

మాధవరం సంగతి ఈ సభలో నేను కొత్తగా చెప్పనక్కర్లేదు. మిలిటరీ మాధవరం అంటే రాష్ట్రమంతా తెలుసు. మొదటి యుద్ధానికి 90 మంది, రెండో యుద్ధానికి 1,110 మంది వెళ్ళారని ఊరి పెద్దలు చెప్పే లెక్క. ఒక్క ఊరి నుంచి. ఆ ఊళ్ళో సుబేదారు గారి ఇల్లు, కెప్టెన్ గారి ఇల్లు అంటేనే దారి చెబుతారు. హోదాయే ఇంటి గుర్తు అయిపోయింది. ఊళ్ళో స్తూపం ఉంది, సెలవుకొచ్చిన పిల్లలు దండం పెట్టుకునే అమ్మవారి గుడి ఉంది. కానీ ఆ 90 మందిలో ఎంతమంది ముఖాలు మనకు తెలుసు? లెక్క నిలబడింది, మనుషులు జారిపోతున్నారు. మాధవరానికే ఇలా ఉంటే, నలుగురో అయిదుగురో వెళ్ళిన మిగతా ఊళ్ళ మాట ఇక చెప్పాలా?

మొత్తం దేశం లెక్క కూడా ఒకసారి గుర్తు చేసుకుందాం. మొదటి యుద్ధంలో ఇండియా నుంచి పది లక్షలకు పైగా మంది సముద్రం దాటారు. 74 వేల మంది పోయారు. రెండో యుద్ధం నాటికి సైన్యం పాతిక లక్షలయింది. 87 వేల మంది పోయారు. ఈస్టిండియా కంపెనీ రోజుల్లో మద్రాసు సైన్యంలో తెలుగువాళ్ళు చాలామంది ఉండేవారు. పంతొమ్మిదో శతాబ్దం చివర రాబర్ట్స్ అనే సేనాధిపతి కాలంలో, ఫలానా కులాలూ ఫలానా ప్రాంతాలవాళ్ళే యుద్ధానికి పనికొస్తారన్న సిద్ధాంతం పట్టుకుని మనవాళ్ళను తగ్గించుకుంటూ వచ్చారు. యుద్ధం మీద పడేసరికి ఆ సిద్ధాంతం పక్కకుపోయింది. మళ్ళీ మద్రాసు ప్రెసిడెన్సీ ఊళ్ళలో డప్పు వేసి పిలిచారు. మొదటి యుద్ధం నాటికి సిపాయి జీతం నెలకు 11 రూపాయలు. ఆ 11 రూపాయలకు ఎందుకు వెళ్ళారంటే, చాలా ఇళ్ళలో ఆ మాత్రం కూడా లేదు గనక. ఇది చిన్నతనం కాదు. ఇంటిల్లిపాది కడుపు నింపడానికి ప్రాణం పణంగా పెట్టిన మనిషిని నేను నిండు మనసుతో గౌరవిస్తాను.

మరి ఇంతమందిని మనం ఎందుకు మరిచిపోయాం? ఈ ప్రశ్న దాటవేస్తే ఇవాళ్టి సభకు అర్థం లేదు. 1942 తీసుకోండి. ఫిబ్రవరి 15న సింగపూర్ పడిపోయింది. ఏప్రిల్ 6న విశాఖపట్నం మీద, కాకినాడ మీద జపాన్ విమానాలు బాంబులు వేశాయి. రంగూన్‌లో కూలికీ వ్యాపారానికీ వెళ్ళిన మన తెలుగువాళ్ళు వేలమంది అడవులు పట్టి, కొండలు దాటి కాలినడకన తిరిగొచ్చారు. మన గూడెంలో విమానాశ్రయ భూములు అని ఇప్పటికీ అంటున్నామే, ఆ రన్‌వే ఆ యుద్ధం నాటిదే. అదే ఏడు ఆగస్టులో క్విట్ ఇండియా. ఆగస్టు 12న తెనాలిలో కాల్పులు జరిగి ఏడుగురు పోయారు. వాళ్ళ జ్ఞాపకంగా అక్కడ రణరంగ చౌక్ కట్టారు. కట్టాలి కూడా. ఒకే ఇంట్లో అన్న కాంగ్రెస్ జెండా పట్టుకుని జైలుకు వెళితే, తమ్ముడు యూనియన్ జాక్ కింద బర్మాకు వెళ్ళిన రోజులవి. స్వాతంత్ర్యం వచ్చాక అన్న ఫొటో హాల్లోకి వచ్చింది, తమ్ముడి ఫొటో పడగ్గదిలోకి జరిగింది. ఆ తర్వాత అటకెక్కింది.

ఢిల్లీలో చూడండి. ఇండియా గేట్ మీద 13 వేలకు పైగా పేర్లున్నాయి. అవి మొదటి యుద్ధం, ఆ తర్వాతి అఫ్గాన్ యుద్ధం నాటివి. పక్కనే 2019లో జాతీయ యుద్ధ స్మారకం వచ్చింది. అందులో స్వాతంత్ర్యం వచ్చాక పోయినవాళ్ళ పేర్లు బంగారు అక్షరాల్లో ఉన్నాయి. 1999లో కార్గిల్‌లో పోరాడిన హైదరాబాద్ బిడ్డ మేజర్ పద్మపాణి ఆచార్యను తలుచుకుంటాం. 2020లో గల్వాన్‌లో ప్రాణమిచ్చిన కర్నల్ సంతోష్ బాబుకు సూర్యాపేటలో విగ్రహం పెట్టుకున్నాం. చాలా మంచి పని. కానీ ఆ గేటుకీ ఈ స్మారకానికీ మధ్య, 1939 నుంచి 1945 వరకు పోయిన 87 వేల మంది, రెండిట్లోనూ లేరు. మన గోదావరి జిల్లాలవాళ్ళు ఎక్కువమంది వెళ్ళింది ఆ యుద్ధానికే.

వాళ్ళ పేర్లు ఎక్కడున్నాయంటే, యుద్ధ సమాధులు చూసే కామన్వెల్త్ సంస్థ ఒకటుంది. అప్పటి రంగూన్, ఇప్పటి యాంగోన్‌కు ఉత్తరాన తావ్‌క్యాన్ అనే చోట ఆ సంస్థ వాళ్ళ శ్మశానం మధ్య రంగూన్ స్మారకం ఉంది. పొడుగాటి రాతి స్తంభాల నడవ. సమాధి దొరకని దాదాపు 27 వేల మంది పేర్లు ఆ స్తంభాల మీద చెక్కారు. ఎక్కువమంది ఇండియన్ సైనికులే. సింగపూర్‌లో క్రాంజీలో గోడల మీద 24 వేల మంది. నాగాలాండ్‌లో కోహిమాలో దహనం చేసిన హిందూ, సిక్కు సైనికులు 917 మందికి వేరే స్మారకం. ఫ్రాన్స్‌లో న్యూవ్ షపెల్ స్మారకం మీద మొదటి యుద్ధంలో పోయిన మనవాళ్ళ పేర్లు నాలుగు వేల ఏడు వందల పైచిలుకు. ఈ పేర్లన్నీ ఇప్పుడు ఇంటర్నెట్‌లో వెతుక్కోవచ్చు, డబ్బు కట్టక్కర్లేదు.

పేరైనా దక్కని వాళ్ళున్నారు. ఇరాక్‌లో బస్రా స్మారకం ఉంది. మెసొపొటేమియా అని అప్పట్లో పిలిచిన ఆ ప్రాంతంలో పోయి, సమాధి దొరకనివాళ్ళు నలభై వేలకు పైగా. బ్రిటిష్ సైనికుల పేర్లు ఒక్కొక్కటీ చెక్కారు. మనవాళ్ళలో ఆఫీసర్ల పేర్లు చెక్కి, మామూలు సిపాయిలను దళం పేరు కింద ఇంతమంది అని అంకె వేసి వదిలేశారు. ఇలాంటి తేడాలు చాలాచోట్ల జరిగాయని ఆ సంస్థే 2021లో నివేదిక ఇచ్చి ఒప్పుకుంది. తమిళ పల్లెల్లో, పంజాబులో అప్పటి ప్రభుత్వం పెట్టిన పాలరాతి ఫలకాలు ఇప్పటికీ కనిపిస్తాయి. ఈ ఊరి నుంచి మహాయుద్ధానికి ఇంతమంది వెళ్ళారు, ఇంతమంది ప్రాణాలిచ్చారు అని రెండు అంకెలు. పేర్లు లేవు. వందేళ్ళ తర్వాత ఆ ఊరి కుర్రాడు ఆ ఫలకం ముందు నిలబడి ఎవరిని తలుచుకోవాలి? అంకెకు ఏ తద్దినం పెట్టాలి?

అందుకే గోడ మీది ఫొటో గురించి ఇంత చెబుతున్నాను. మొదటి యుద్ధం తర్వాత చనిపోయినవాళ్ళ ఇళ్ళకు ఒక గుండ్రటి కంచు ఫలకం పంపారు, అరచేతంత వెడల్పు. బ్రిటానియా దేవత, సింహం, పక్కన సైనికుడి పేరు. పేరుకు ముందు హోదా ఉండదు. సిపాయైనా సేనానైనా ఒకటే అన్నట్టు. చుట్టూ రాసిన మాటలకు అర్థం ఏమిటంటే, స్వేచ్ఛ కోసం, గౌరవం కోసం ప్రాణమిచ్చాడు అని. తన దేశానికి లేని స్వేచ్ఛ కోసం చనిపోయినవాడి తల్లి ఆ ఫలకం అందుకుని ఏమనుకుందో! చాలామంది తల్లులకు ఆ అక్షరాలు చదవడం రాదు. మీలో ఎవరింట్లోనైనా అలాంటిది బిందెకు మూతగానో, పోపులడబ్బా కింద అడుగుగానో ఉంటే, దయచేసి బయటికి తియ్యండి. మొదటి యుద్ధం నాటి వెండి పతకాలు ఎన్నో ఇళ్ళలో పిల్లల మొలతాళ్ళుగా, కాళ్ళ పట్టీలుగా కరిగిపోయాయని పెద్దవాళ్ళు చెబుతుంటారు. వాళ్ళను తప్పు పట్టను. కరువులో పతకం కంటే బిడ్డ ముఖ్యం.

ఇప్పుడు ఫొటోల దగ్గరికి వద్దాం. మీరు తెచ్చినవాటిలో స్టూడియో ఫొటోలే ఎక్కువ. వెనక మెట్లూ పూలతోటా వేసిన తెర. పక్కన టీపాయి, దాని మీద పూలకుండీ. సైనికుడు ఒక చెయ్యి టీపాయి మీద ఆనించి, రెండో చేతిలో పొట్టి బెత్తం పట్టుకుని బిగుసుకుపోయి నిలబడి ఉంటాడు. మొదటి జీతానికి తీయించుకున్న ఫొటో అయి ఉంటుంది. ముఖం మనకు ముందు కనబడుతుంది, కానీ చదవాల్సినవి ఇంకా ఉన్నాయి. చేతి మీద పట్టీలు చూడండి. ఒకటుంటే లాన్స్ నాయక్, రెండుంటే నాయక్, మూడుంటే హవల్దారు. భుజం మీద ఇత్తడి అక్షరాలు దళం పేరు చెబుతాయి. ఛాతీ మీద రిబ్బన్ ఉంటే చాలావరకు యుద్ధం అయ్యాక తీసిన ఫొటో. వెనక్కి తిప్పండి. స్టూడియో ముద్ర ఉంటుంది. బెంగుళూరు అనో, జబల్పూరు అనో, పూనా అనో. అది అతను శిక్షణ పొందిన కంటోన్మెంటుకు ఆనవాలు. ఇవన్నీ కలిపి చూస్తే కొంత కథ చెప్పవచ్చు. పేరు మాత్రం ఫొటో చెప్పదు. పేరు మనిషి చెప్పాలి.

ఒక మామ్మగారి దగ్గర కూర్చున్న సంగతి చెబుతాను. ఆవిడ పేరు చెప్పను, ఊరు చెప్పను, వాళ్ళింట్లో అడిగాకే ఈ ముక్క చెబుతున్నాను. గోడ మీద నలుగురు సైనికుల ఫొటో. ఇద్దరు కుర్చీల్లో, ఇద్దరు వెనక నిలబడి.

"మామ్మా, వీళ్ళెవరు?" అన్నాను.

"ఈ కుర్చీలో ఉన్నది మీ తాతగారు. పక్కన మా పెద్ద బావగారు, బర్మా నుంచి రాలేదు నాయనా. వెనక ఈ ఎత్తుమనిషి పెంటపాడు ఆయన, పెళ్ళికొచ్చాడు మా ఇంటికి."

"మరి ఈయన?"

"ఆయనా? అరవాయన. మీ తాతగారికి ప్రాణస్నేహితుడు. ఇద్దరూ ఒకే కంచంలో తిన్నారట. ఆయనా పోయాడు అక్కడే. పేరు... మీ తాతగారు అనేవారు నాయనా, నోట్లో ఉంది, రావడం లేదు."

మామ్మగారు ఆ పేరు కోసం చాలాసేపు అలాగే కూర్చున్నారు. మనవరాలు కాఫీ తెచ్చి ఇచ్చినా తాగలేదు. నాకు అప్పుడు తోచింది ఏమిటంటే, ఆ అరవాయన సొంత ఇంట్లో ఆయన ఫొటో ఒక్కటీ లేకపోవచ్చు. ఆయన ముఖం ఈ భూమ్మీద మిగిలింది బహుశా గోదావరి జిల్లాలో ఈ ఒక్క గోడ మీదే. మనం మన తాతల ఫొటోలు దాచుకుంటున్నామనుకుంటాం. ఇంకెవరి తాతనో కూడా దాస్తున్నాం. మన తాతల ముఖాలు కూడా ఏ సేలంలోనో, ఏ రావల్పిండిలోనో, ఎవరి గోడ మీదో ఉండే ఉంటాయి.

ఆవిడ చెప్పిన పెద్ద బావగారి సంగతి వెతికాం. ఇక్కడ మీకు రెండు మూడు మెళకువలు చెప్పాలి. సైన్యం గుమాస్తాలు మన ఇంటిపేర్లు రాయలేదు. వట్టి పేరే, అదీ వాళ్ళ చెవికి వినబడినట్టు. అప్పలస్వామి ఒకచోట రెండు పీలతో, ఇంకోచోట ఒక పీతో ఉంటాడు. సత్యనారాయణ రెండు ముక్కలవుతాడు. ఊరి పేరు చెప్పనే అక్కర్లేదు. కాబట్టి ఇంగ్లీషులో ఎన్ని రకాలుగా రాయవచ్చో అన్ని రకాలా వెతకండి. ఇంకొకటి, పశ్చిమ గోదావరి జిల్లా ఏర్పడింది 1925లో. మొదటి యుద్ధం నాటికి మన ఊళ్ళు కృష్ణా జిల్లా కింద ఉన్నాయి. గోదావరి అని వెతికితే ఆ కాలంవాళ్ళు దొరకరు. అన్నిటికంటే గట్టి ఆధారం నంబరు. అందుకే పతకం అంచు చూడమంటున్నాను. నక్షత్రం ఆకారంలో ఉన్న పతకాలైతే వెనక వైపు చూడండి. రేకు పెట్టె ఉంటే దాని మూత చూడండి, తెల్ల రంగుతో నంబరు రాసి ఉంటుంది. ఆకుపచ్చ రంగు కొట్టేసి ఉంటే, ఏటవాలుగా వెలుతురు వేసి చూస్తే కింది అక్షరాలు ఉబ్బెత్తుగా తెలుస్తాయి.

రెండో యుద్ధంలో పోయినవాళ్ళ రికార్డుల్లో, దొరికినవాళ్ళకు, ఫలానా ఆయన కొడుకు, ఫలానా ఆవిడ భర్త, ఫలానా ఊరు అని ఒక వాక్యం ఉంటుంది. మామ్మగారి బావగారి రికార్డులో ఆయన భార్య పేరు ఉంది. ఆవిడ, అంటే మామ్మగారి తోడికోడలు, ఇరవై నిండకముందే భర్త పోయి, ఆ ఇంట్లోనే మిగిలిన జన్మంతా వంటింట్లో గడిపి వెళ్ళిపోయింది. ఆవిడ పేరు ఊళ్ళో ఏ శిలాఫలకం మీదా లేదు, ఆస్తి కాగితాల్లో లేదు. యుద్ధ మృతుల ఆ చిట్టాలో ఉంది. మనవరాలు ఫోన్‌లో చదివి వినిపిస్తే మామ్మగారు "అక్క పేరు రాశారా వాళ్ళు!" అని రెండుసార్లు అడిగారు.

ఉత్తరాల గురించి కొంచెం. ఇచ్చట అందరం క్షేమం, అచ్చట మీ క్షేమమునకు వ్రాయవలెను అన్న పంక్తులే కదా ఉండేది అని పారెయ్యకండి. యుద్ధభూమి నుంచి వచ్చే ఉత్తరంలో ఊరి పేరు రాయనివ్వరు. రాస్తే సెన్సారువాళ్ళు సిరా పూస్తారు, లేదా కత్తిరిస్తారు. తపాలా ముద్రలో ఫీల్డ్ పోస్టాఫీసు అని, ఒక నంబరు, ఒక తేదీ ఉంటాయి. ఇంట్లోవాళ్ళకు అప్పుడు అది అర్థం కాని అంకె. ఇప్పుడు ఏ నంబరు పోస్టాఫీసు ఏ తేదీన ఎక్కడుందో తపాలా చరిత్రకారులు జాబితాలు కట్టారు. తపాలా బిళ్ళల మోజుతో కవరు మీద స్టాంపు కత్తిరించుకుంటే దాంతోపాటు ఆ మనిషి ఎక్కడున్నాడో చెప్పే ముద్రా పోతుంది. మనియార్డరు కూపన్లు కూడా అంతే విలువైనవి. పంపిన డబ్బు, తేదీ, కింద రెండు పంక్తుల మాట. ఉత్తరం రాయడం రానివాడు కూడా కూపన్ పంపాడు.

తిరిగొచ్చినవాళ్ళను ఈ పనిలో మరవకూడదు. యుద్ధం అంటే తుపాకీ పట్టినవాడే గుర్తొస్తాడు. మన జిల్లావాళ్ళు చాలామంది లారీలు నడిపారు, రోడ్లు వేశారు, వంతెనలు కట్టారు, స్ట్రెచర్లు మోశారు, వంట చేశారు, చాకిరీ చేశారు. కూలి పనులు చేసే పయనీర్ కోర్, రోడ్లూ వంతెనలూ కట్టే మద్రాస్ శాపర్స్, వైద్య దళం, సరఫరా దళం. బర్మా వానల్లో ఆ రోడ్లు లేకపోతే ఆ యుద్ధం గెలిచేది కాదు. ఈ ఊళ్ళోనే ఒకాయన, మా నాన్న వంటవాడండీ, పతకం ఉంది గానీ చూపించడానికి మొహమాటంగా ఉంది అన్నారు. ఆయన పతకం ఇవాళ బల్ల మీద ముందు వరసలో పెట్టాం. బర్మా స్టార్ అది. ఆరు మొనల నక్షత్రం. మధ్యలో ఎరుపు, రెండు పక్కలా ముదురు నీలం, ఆ నీలంలో నారింజ చారలు ఉన్న రిబ్బన్ ఇంకా చెక్కుచెదరలేదు. బర్మాలో యుద్ధం నడిపిన జనరల్ స్లిమ్ సైన్యంలో సేనానికీ ఇదే, వంటవాడికీ ఇదే.

సింగపూర్‌లో పట్టుబడినవాళ్ళలో కొందరు సుభాష్ బాబు ఆజాద్ హింద్ ఫౌజులో చేరారు. కొందరు చేరక, యుద్ధఖైదీలుగా న్యూగినీ దీవుల దాకా వెళ్ళి ఆకలితో పోయారు. ఈ ఇద్దరి ఇళ్ళలోనూ బాధ ఉంది. ఎవరు దేశభక్తులన్న తీర్పు చెప్పే పని మన ఈ చిన్న సంకలనానిది కాదు. ఇద్దరి ఫొటోలూ ఒకే పుస్తకంలో, పక్కపక్కనే ఉండాలని నా అభిప్రాయం. పారిపోయి వచ్చేసినవాళ్ళవి కూడా. వాళ్ళూ మన ఊరివాళ్ళే.

ఇక కాపాడుకోవడం. పతకాలను బ్రాసోతో తోమకండి. మెరుపు కోసం తోమితే అంచు మీద పేరు అరిగిపోతుంది. కాగితాలు లామినేషన్ చేయించకండి, అది ఇక విడదీయరాదు. చినిగినచోట సెల్లో టేపు అంటించకండి. అద్దానికి అతుక్కుపోయిన ఫొటోని పీకకండి, అద్దం మీంచే స్కాన్ తీయించండి. మన నేల మీద వానాకాలం గోడలు చెమ్మ పడతాయి. పటం వెనక నాలుగు మూలలా చిన్న బెండు ముక్కలు అంటిస్తే గాలి ఆడుతుంది. దండ వెయ్యండి, బొట్టు పెట్టండి, ఎవరూ కాదనరు. బొట్టు అద్దం మీద పెట్టండి, ఫొటో మీద కాదు. ఫొటో వెనక పేరు రాయాలంటే బాల్‌పెన్ను వద్దు, మెత్తటి పెన్సిలుతో మెల్లగా రాయండి. పేరు, ఇంటిపేరు, ఊరు, ఎవరు చెప్పారు, ఏ రోజు చెప్పారు. చెప్పినవాళ్ళ పేరు తప్పకుండా రాయండి.

కుర్రాళ్ళకు ఒక మాట. పాత ఫొటోలకు ఫోన్‌లో రంగులు వేసే యాప్‌లు వచ్చాయి. ముచ్చటగానే ఉంటుంది, మామ్మ సంతోషిస్తుంది. కానీ ఆ యాప్ రిబ్బన్‌కు తనకు తోచిన రంగు వేస్తుంది. నలుపు తెలుపులో చారల వెడల్పు చూసి అది ఏ పతకమో చెప్పగలం, రంగులేశాక దారి తప్పుతాం. కొన్ని యాప్‌లు ముఖాన్ని కూడా నున్నగా చేసేస్తాయి. ముందు అసలుది అసలుగా స్కాన్ తీసి దాచి, తర్వాత నకలు మీద ఏమైనా చేసుకోండి. వాట్సాప్‌లో పంపేటప్పుడు డాక్యుమెంటుగా పంపండి. మామూలుగా పంపితే భుజం మీది అక్షరాలు చెదిరిపోతాయి.

పంజాబుకు ఒక అదృష్టం పట్టింది. మొదటి యుద్ధానికి వెళ్ళిన 3 లక్షల 20 వేల మంది వివరాలు ఊరివారీగా రాసిన పుస్తకాలు లాహోర్ మ్యూజియంలో భద్రంగా ఉండి, 2021 నుంచి ప్రజలకు అందుబాటులోకి రావడం మొదలైంది. లండన్‌లో ఉన్న మనవడు తన తాత పేరు వెతుక్కుంటున్నాడు. మన చేతికి అలాంటి పుస్తకం ఎవరూ ఇవ్వలేదు. మనమే రాసుకోవాలి. ఇక్కడ గ్రంథాలయంలో పెద్ద రిజిస్టరు ఒకటి తెరిచాం. వస్తువు ఏమిటి, ఎవరిది, ఎవరు చెప్పారు. రాయడం రానివాళ్ళు చెబితే మేం రాస్తాం. వస్తువు మీ చేతిలోనే ఉంటుంది, మీ ముందే స్కాన్ తీసి మీకే ఇచ్చేస్తాం. మాకు పతకాలు వద్దు, పేర్లు కావాలి. నకళ్ళు మూడు చేస్తున్నాం. ఒకటి మీ ఇంటికి, ఒకటి ఇక్కడికి, ఒకటి మాధవరానికి.

ముందుగా ఎనభై దాటినవాళ్ళ ఇళ్ళకు వెళదాం. తరుణ వయసులో ఉన్న మీరు రెండేళ్ళ తర్వాత కూడా చెప్పగలరు, వాళ్ళ దగ్గరికి మాత్రం ఈ సంక్రాంతి లోపే వెళ్ళాలి. కాలేజీ పిల్లలు ఇద్దరిద్దరుగా వస్తారు, ఒకరు అడగడానికి, ఒకరు రాయడానికి. బల్ల మీద నీలం అట్ట కింద పెట్టిన ఫొటోలు పేర్లు తెలియనివి. ఒక్కొక్కదానికీ నంబరు వేశాం. గుర్తుపట్టినవాళ్ళు నంబరు చెబితే చాలు.

మామ్మగారి గోడ మీది నాలుగో ఆయన సంగతి కూడా అడగాలి. ఆ ఫొటో వెనక బెంగుళూరు స్టూడియో ముద్ర ఉంది, భుజం మీద మద్రాస్ శాపర్స్ అక్షరాలున్నాయి. సేలం, వేలూరు, తిరుచ్చి వైపు చుట్టాలో స్నేహితులో ఉన్నవాళ్ళు సభ అయ్యాక నన్ను కలవండి. ఆ ఫొటో నకళ్ళు తీసుకొచ్చాను, తలా ఒకటి ఇస్తాను. ఆ ఊళ్ళ మాజీ సైనికుల సంఘాలకు చేరవెయ్యండి.